ఆల్‌సెలె గోలు ఎవరిది

ఆల్‌సెలె
1988 జనవరి 24, ఆదివారం

మహా గొప్ప గోల్‌కీపరు తూరా గారికి,

నువ్వు వెళ్ళి రెండు వారాలైంది. వచ్చిందల్లా ఒక్క కార్డు ముక్క. "చేరాను, గది బాగుంది, ఇక్కడ మంచు లేదు" అని మూడు ముక్కలు, వెనక రేవులో ఓడల బొమ్మ. అమ్మ దాన్ని ఫ్రిజ్ తలుపుకి అంటించింది. పాల కోసం వెళ్ళినప్పుడల్లా ఆ ఓడలు నన్ను చూసి ఇకిలిస్తున్నాయి. ఫోను మాత్రం చెయ్యకు. చేస్తే నాన్న హాల్లో కుక్క పక్కన నిలబడి మొత్తం వింటాడు, పెట్టేశాక ఏమీ ఎరగనట్టు "ఎవరూ?" అంటాడు. ఉత్తరమే రాయి.

ఇక్కడ చలికి ముక్కులో వెంట్రుకలు గడ్డకడుతున్నాయి. మిల్లులో కాగితం చుట్టలు కట్టే హాలు తప్ప ఊళ్ళో వెచ్చటి చోటు లేదు. ఫుట్‌బాల్ మైదానంలో గోలు సగం దాకా మంచులో కూరుకుపోయింది. మేం బడి వ్యాయామశాలలో ప్రాక్టీసు చేస్తున్నాం. అక్కడ డైవ్ చేస్తే మోచేతులకి చర్మం మిగలదు.

కోన్సుమ్ కొట్లో ఎవరు కనబడినా "మీ చెల్లెలెలా ఉంది? ఇంకా టీవీలో రాలేదే?" అని అడుగుతారు. నేనెలా ఉన్నానని అడిగినవాడు పశువుల డాక్టరొక్కడే. అదీ కుక్కకి సూది వేయించడానికి వెళ్ళినప్పుడు.

నాకు కుళ్ళుగా ఉంది, తూరా. దాచుకోవడం నాకు చేతకాదు. దుప్పి వేట వారంలో ఈ జిల్లాలో ఎవరూ పెళ్ళి పెట్టుకోరు, చావు కూడా వాయిదా వేసుకుంటారు. అలాంటి వారంలో మనకి మ్యాచ్ పెట్టాడు, తేదీలు వేసే దక్షిణాది మహానుభావుడెవడో. మార్చమని అడగడానికి ఊళ్ళో మనిషి ఉంటేగా, అందరూ అడవిలోనే. నేను నాన్న పక్కన తడిసిన నాచు మీద కూర్చుని మాటు కాస్తున్నాను. నువ్వు నా జెర్సీ వేసుకుని నా గోల్లో నిలబడ్డావు. అవతలి జట్టు ఫార్వర్డు కోసం గోథెన్‌బర్గ్ క్లబ్బు నుంచి అంత దూరం వచ్చినవాడు, ఆమెను వదిలేసి నిన్ను పట్టుకుపోయాడు. నాకు ఆ రోజు దుప్పి కూడా పడలేదు.

ఆరేళ్ళుగా ఆ గోల్లో నిలబడ్డది నేను. గ్యారేజీ తలుపు ముందు నిన్ను నిలబెట్టి, బంతిని చూసి కళ్ళు మూసుకోకూడదని నేర్పింది నేను. ఇరవై ఏడేళ్ళకి నన్నెవడూ కొత్తగా కనిపెట్టడు. నీకు పంతొమ్మిది. వెళ్ళు, ఎగురు. కానీ నన్ను చప్పట్లు కొట్టమనకు, ఇప్పుడే కాదు.

అమ్మ ఉన్ని మేజోళ్ళు పంపుతోంది. అక్కడ మంచు లేదని చెప్పినా వినలేదు.

ఇంట్లో మిగిలిపోయిన గోల్‌కీపరు,
మీ అక్క సోల్వే


గోథెన్‌బర్గ్
1988 ఫిబ్రవరి 14

అక్కా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. రెండుసార్లు కోపం వచ్చింది, మూడోసారి పశువుల డాక్టరు దగ్గర నవ్వొచ్చింది. నేనేమన్నా నిన్ను అడవికి తరిమానా? నీకు జ్వరం వచ్చినా సరే మ్యాచ్ ఆడతాననేదానివి, దుప్పి కోసం మాత్రం నువ్వే వదిలి వెళ్ళావు.

ఇక్కడి సంగతులు చెబుతాను. పొద్దున పసిపిల్లల బడిలో పని. ముక్కులు తుడవడం, బూట్లు తొడగడం. సాయంత్రం ప్రాక్టీసు. సముద్రం మీంచి వాన అడ్డంగా వస్తుంది. మంచైతే దులుపుకుంటాం, ఈ వానని ఏం చేస్తాం? మైదానం మాత్రం పచ్చగడ్డి అక్కా, ఫిబ్రవరిలో! పడితే మెత్తగా ఉంటుంది. మొదటి రోజు ఊరికే రెండుసార్లు పడ్డాను.

గోల్‌కీపర్లకి వేరే కోచ్. పేరు ఓవే. మొదటి రోజే "సిద్ధమేనా?" అని అడిగాడు. నేను మన ఊళ్ళోలాగా ఊపిరి లోపలికి పీల్చి ఊఁ అన్నాను. భయంతో గుటక వేస్తోందనుకుని పాపం నాకు నీళ్ళిచ్చి కూర్చోబెట్టాడు! ఇక్కడివాళ్ళు ఊపిరి బయటికి వదులుతూనే ఔనంటారు. మన పద్ధతి ఎవరికీ తెలీదు.

మొదటి గోల్‌కీపరు గున్-మరీ. ముప్పై ఒక్కేళ్ళు, ట్రామ్ నడుపుతుంది. నాతో ఇప్పటిదాకా అన్న మాట ఒకటే, "ఇంకా ముందుకు రా." నేను గీత మీదే అతుక్కుపోతున్నానట. అంతా బాగుంది. క్లబ్బు వాళ్ళు నా పేరు వెనక రాసిన కోటు ఇచ్చారు. ఓవే నన్ను మెచ్చుకుంటున్నాడు కూడా.

పార్సెల్లో గ్లవ్స్ పంపుతున్నాను, వేసుకో. నాన్నతో ఒక మాట చెప్పు. దుప్పి వేటలో బురదమడుగు దగ్గరి మాటు ఆయన వదిలేసిన రోజున నాదే అని మాటిచ్చాడు. నేనిక్కడున్నా ఆ మాట అక్కడే ఉందని గుర్తు చెయ్యి.

మేజోళ్ళు వేసుకునే పడుకుంటున్నానని అమ్మకి చెప్పు.

వానలో నానుతున్న,
తూరా


ఆల్‌సెలె
1988 ఫిబ్రవరి 28

తూరా,

పార్సెలు అందింది. అమ్మ, నాన్న, నేను వంటింటి బల్ల చుట్టూ కూర్చుని విప్పాం. అమ్మకి చాక్లెట్లు, నాన్నకి పొగాకు. నాకు వాడిన గ్లవ్స్!

నీకు గుర్తుందా? నేను విడిచిన కోటు, నేను విడిచిన స్కీ బూట్లు, నేను విడిచిన సైకిలు, అన్నీ నీకొచ్చాయి. పదేళ్ళప్పుడు ఆ ఆకుపచ్చ కోటు వేసుకోనని నువ్వు మంచులో పడి దొర్లావు. "అక్క వాసనొస్తోంది" అన్నావు. సరే, ఇప్పుడు చెల్లెలు విడిచినవి అక్క వేసుకోవాలన్న మాట. మంచి బుద్ధే. అరచేతుల దగ్గర గరుకు పోయి, వేళ్ళ దగ్గర ముడతలు పడ్డ గ్లవ్స్ నేను చూడలేదనుకున్నావా? ఆరేళ్ళు ఆడినదాన్ని, ఆ మాత్రం తెలీదా?

నాన్న తీసుకుని చూశాడు. "కట్టెలకి బాగుంటాయి" అన్నాడు. బాగానే ఉన్నాయి. రోజూ షెడ్డు నుంచి పొయ్యి దాకా వాటితోనే మోస్తున్నాడు.

ఇక మాటు సంగతి. నాన్న మోకాలు ఈ చలికాలం పూర్తిగా మొండికేసింది. వేట జట్టు సమావేశం మొన్ననే అయింది. వచ్చే సెప్టెంబరులో బురదమడుగు మాటు నాకిచ్చారు. నీకిస్తానన్నాడు, నిజమే. ఆ మాట నేనే గుర్తు చేశాను. "ఊళ్ళో ఉన్నవాళ్ళకేగా ఇచ్చేది" అన్నాడు నాన్న. నేనేం కాదనలేదు. కాదనాల్సిందేమో. అనాలనిపించలేదు.

మీ ఓవే మెచ్చుకుంటున్నాడు కదా, మెచ్చుకోనీ. ఇక్కడ మెప్పులు ఇచ్చేవాళ్ళు లేరు. రూబెన్ సంగతి నీకు తెలిసిందేగా. పదిహేనేళ్ళుగా జట్టుకి కోచ్, మిల్లులో ఫోర్‌మన్, నోట్లోంచి మంచి మాట రావాలంటే పళ్ళ డాక్టరుని పిలవాలి.

చేతులు చల్లబడ్డ,
సోల్వే


గోథెన్‌బర్గ్
1988 మార్చి 20

కట్టెలకా! అక్కా, నువ్వు గోల్‌కీపరువేనా?

అవి కొత్తవి. నా మొదటి జీతంతో కొన్నాను. కొత్త గ్లవ్ జారుతుంది, బంతి సబ్బులా పోతుంది. అందుకని రెండు వారాలు ప్రతి ప్రాక్టీసుకి నేనే వేసుకుని, కుళాయి కింద తడిపి, నా చేతులతోనే పదును చేసి పంపాను. మంచు కరిగి మొదటి మ్యాచ్ ఆడే రోజుకి నీకు చేతిలో అతుక్కోవాలని! ఈ పద్ధతి నాకు నేర్పింది ఎవరు? వంటింటి సింకులో నీ గ్లవ్స్ నాచేత నానబెట్టించింది ఎవరు? అమ్మ గిన్నెలు తోమే నీళ్ళలో అవి ముంచి తిట్లు తిన్నది నేను. అంత కళ్ళు మూసుకుపోయాయా నీకు?

మాటు సంగతి చదివి బడిలో ఒక పిల్లాడి బూట్లు ఎడమది కుడికాలికి తొడిగాను. దక్షిణానికి పోయినదాన్ని చచ్చినదాని కింద లెక్కేశారా మీరు? "ఊళ్ళో ఉన్నవాళ్ళకేగా ఇచ్చేది" అట! నేను పోయింది ఆడడానికి, అమెజాన్ అడవులకి కాదు.

సరే, నువ్వు దాచలేదు కాబట్టి నేనూ దాచను. నేను ఆడడం లేదు. జనవరి నుంచి ఒక్క మ్యాచ్‌లో ఒక్క నిమిషం నిలబడలేదు. ప్రాక్టీసు మ్యాచ్‌లు కూడా గున్-మరీయే ఆడుతుంది. ఓవే మెచ్చుకుంటాడు, నిజమే. బెంచీ మీద కూర్చున్నవాళ్ళని మెచ్చుకోవడం కోచ్‌లకి తేలిక. పేరు రాసిన కోటు ఉంది, అది వేసుకుని చలిలో కూర్చుంటాను. అంతే. వచ్చే నెల లీగ్ మొదలైనా ఇంతే.

నువ్వు మే నెల రాగానే ఆడతావు. ఆ గులకరాళ్ళ మైదానంలో పడి మోకాళ్ళు చీరుకుంటావు, అరుస్తావు, డిఫెండర్లని బూతులు తిడతావు. రూబెన్ నిన్ను తీసెయ్యడు. నీ వెనక ఎవరూ లేరు. అది తల్చుకుంటే నాకు రాత్రి నిద్ర పట్టడం లేదు. నువ్వు నన్ను చూసి కుళ్ళుకుంటున్నావని చదివితే నవ్వొచ్చింది. ఏడుపొచ్చే నవ్వు.

అమ్మకి చెప్పకు, నేను బెంచీ మీదే ఉన్నానని. కోన్సుమ్‌లో అసలే చెప్పకు.

మాటు పోగొట్టుకున్న,
తూరా


ఆల్‌సెలె
1988 మే 15, ఆదివారం

తూరా,

ఇది మంచి ఉత్తరం కావలసింది. పది రోజుల కిందట మొదలుపెట్టాను. గ్లవ్స్ షెడ్డులోంచి తెచ్చి, పుల్లలు ఏరి, కడిగి, పొయ్యి పక్కన ఆరబెట్టానని రాశాను. నాన్న "మరి కట్టెలకో?" అంటే మా ఇద్దరికీ చిన్న యుద్ధం అయిందని రాశాను. పోయిన ఆదివారం మొదటి మ్యాచ్. గీత అవతల ఇంకా మంచు కుప్పలే. రెండో డివిజనుకి ఎక్కాక మొదటి ఆట, ఒకటి సున్నాతో గెలిచాం. పెనాల్టీ ఆపాను, నీ గ్లవ్స్‌తో. బంతి చేతికి అతుక్కుంది. అది కూడా రాశాను. ఆ కాగితం ఇప్పుడు పొయ్యిలో ఉంది.

నిన్న కోన్సుమ్‌లో చేపల అర దగ్గర రూబెన్ కనిపించాడు. సాల్మన్ ముక్క చేత్తో పట్టుకుని తూకం చూస్తూ, వాతావరణం చెప్పినట్టు చెప్పాడు.

"తూరా వస్తోందంట కదా. ఆగస్టు దాకా మనకి అరువిస్తారంట. వాళ్ళ క్లబ్బోళ్ళు ఫోన్ చేశారు."

"ఎవరడిగారు?" అన్నాను.

"ఆ పిల్లే అడిగిందంట."

"మరి నేను?"

"నువ్వా? నువ్వెక్కడికి పోతావే? బెంచీ మీదుంటావు. ఇంటి మనిషివేగా."

ఇంటి మనిషిని! చేపలు అక్కడే వదిలేసి వచ్చాను. అమ్మ అడిగితే దొరకలేదన్నాను.

నీకు గోథెన్‌బర్గ్ ఉంది, పచ్చగడ్డి ఉంది, కోటు ఉంది. ఈ ఊళ్ళో ప్రతివాడి నోట్లో నీ పేరుంది. నాకున్నవి మూడు. మిల్లు, కుక్క, ఆ గోలు. మిల్లు నాది కాదు. కుక్క నాన్నది. మిగిలింది గోలొక్కటే. ఆదివారం రెండు గంటలకి ఆ రెండు కర్రల మధ్య నిలబడితే నేను ఎవరి అక్కనీ కాను, ఎవరి కూతుర్నీ కాను. దాన్ని కూడా నీకు అరువిమ్మంటావా? అరువు సొమ్ము బరువు చేటంటారు. ఆ బరువు నీకేం తెలుస్తుందిలే, మోసేది నేను కదా.

ఒక్క మాట, ముందుగా ఒకే ఒక్క మాట నాకు రాస్తే నీ సొమ్మేం పోయేది? చేపల దగ్గర వినాల్సి వచ్చింది నాకు.

సోల్వే


ఆల్‌సెలె
1988 మే 18

తూరా,

ప్రాక్టీసులో అందరి ముందూ రూబెన్‌కి చెప్పేశాను, ఇక ఆడనని. అతను ఈల మెడలోంచి తీసి జేబులో పెట్టుకున్నాడు. డ్రెస్సింగ్ రూం తాళంచెవి ఇచ్చేశాను.

గోలు నీకు ఖాళీ చేశాను. వచ్చి తీసుకో.

సోల్వే


గోథెన్‌బర్గ్
1988 మే 19

అక్కా,

నీ మే 15 ఉత్తరం ఇవాళ వచ్చింది. అవును, నేనే అడిగాను.

బడిలో పిల్లలు వసంతం అని కాగితం పువ్వులు కత్తిరిస్తున్నారు. మన దగ్గర ఇప్పుడే నదిలో మంచు పగిలి ఉంటుందని, ఆ చప్పుడుకి నాన్న కిటికీ తెరిచి "విన్నారా?" అని ఉంటాడని గుర్తొచ్చింది. అదే సాయంత్రం ఓవే అన్నాడు, "నువ్వు ఇలా కూర్చుంటే పాడైపోతావు, ఎక్కడికైనా అరువుకి పంపుతాం, ఎక్కడికి పోతావు?" అని. నేను ఆల్‌సెలె అన్నాను. అంత తొందరగా అన్నానంటే ఆయన నవ్వాడు.

ఆ మాట అనేటప్పుడు నువ్వు గుర్తు రాలేదని రాస్తే నీ మనసు కుదుటపడుతుందేమో. అలా రాసి ఒక కాగితం చింపేశాను కూడా. గుర్తొచ్చావు. నేను ఆడుతుంటే బెంచీ మీద కూర్చుని నువ్వు చూస్తున్నట్టు కనిపించింది. మాటు లాక్కున్నావు కదా, కూర్చో కాసేపు అనిపించింది. అది నాకు బాగానే అనిపించింది, అక్కా. ఎంతసేపు? ట్రామ్ ఎక్కేంత సేపు. దిగేసరికి సిగ్గేసింది. రాద్దామనుకుని రాయలేదు, ఎలా రాయాలో తెలీక.

నీ ఉత్తరం చదివి నేరుగా ఓవే దగ్గరికి వెళ్ళాను. ఆల్‌సెలె వద్దని చెప్పాను. ఇక్కడే ఉంటాను, బెంచీ మీదే. ఆయన కారణం అడిగితే "అక్కడ మంచి గోల్‌కీపరు ఉంది" అన్నాను. రూబెన్‌కి ఫోను చేసి చెప్పమన్నాను.

నీ గోలు నీకే ఉంది. ఎవరూ రారు.

తూరా


గోథెన్‌బర్గ్
1988 మే 23

అయ్యో అక్కా,

మన ఉత్తరాలు దారిలో ఏ స్టేషన్లోనో పక్కపక్కన నిలబడి ఒకదాన్నొకటి పలకరించుకోకుండా దాటిపోయాయి. నువ్వు నాకోసం వదిలేశావు, నేను నీకోసం వదిలేశాను. మరి ఇప్పుడు ఆల్‌సెలె గోల్లో ఎవరున్నారు?

నా మీద కోపం ఎంతైనా పెట్టుకో, కానీ వెంటనే రూబెన్ దగ్గరికి వెళ్ళు. వెళ్ళి, ఆడతానని అడుగు. అడగందే అమ్మైనా పెట్టదు. ఆ ముసలాయన నిన్ను బతిమాలతాడనుకుంటున్నావా?

వెంటనే రాయి.

తూరా


ఆల్‌సెలె
1988 జూన్ 2

తూరా,

ఎవరున్నారని అడిగావు కదా, చెబుతాను. బార్బ్రో ఉంది. పోస్టాఫీసులో స్టాంపులు అమ్మే బార్బ్రో, ఎడమ వైపు డిఫెండరు, బంతి తలకి తగిలితే జుట్టు చెదురుతుందని తల వంచేసే బార్బ్రో. పోయిన ఆదివారం ఏడు గోల్స్ తింది. ఏడోది ఆమె వెనక్కి తిరిగి జడపిన్ను వెతుక్కుంటుంటే పడింది.

నేను చూశాను. కంచె అవతల ఫ్లాస్కు పట్టుకుని నిలబడ్డాను. ఎవరూ నావైపు చూడలేదు, అంతా మర్యాదగా. ఒక్కొక్క గోలుకీ నాకు ఏమనిపించిందో చెప్పనా? మొదటి రెండింటికి లోపల చల్లగా ఉంది. చూడండి, నేను లేకపోతే ఇదీ సంగతి అని. నాలుగోదానికి ఫ్లాస్కు కింద పెట్టేశాను. ఏడోది పడేసరికి కంచె పట్టుకున్న చేతులు కర్రలైపోయాయి.

రూబెన్ మంగళవారం ఇంటికొచ్చాడు. నిచ్చెన కావాలట. అతనికి ఇంట్లో రెండు నిచ్చెనలున్నాయి. అమ్మ కాఫీ ఇచ్చింది. రెండు కప్పులు తాగాడు. నదిలో నీళ్ళు పెరిగాయన్నాడు. దోమలు ముందే వచ్చాయన్నాడు. కుక్కకి వయసొచ్చిందన్నాడు. నేను గిన్నెలు తోముతూనే ఉన్నాను, కడిగినవే మళ్ళీ కడిగాను. అతను లేచి టోపీ పెట్టుకుని తలుపు దగ్గర ఒక్క నిమిషం ఆగాడు. నేను అడగాలని అతను, అతను అడగాలని నేను. ఆ తర్వాత నిచ్చెన మర్చిపోయి వెళ్ళిపోయాడు.

నీకు దక్షిణం గాలి తగిలి మన ఊరి పద్ధతి మర్చిపోయావా? ఇక్కడ రానన్నదాన్ని మళ్ళీ రమ్మని ఎవరూ అడగరు, అడిగితే నా మాటకి విలువ లేదన్నట్టు. వదిలేసినదాన్ని నేను మళ్ళీ నాకిమ్మని అడగను, అడిగితే నా మాటకి నేనే విలువ ఇవ్వనట్టు. నాన్న మొత్తం చూసి, "నీకూ రూబెన్‌కీ ఒకే పుర్రె పెట్టాడు దేవుడు" అని బయటికి పోయాడు.

ట్రామ్ ఎక్కేంతసేపు నీకు బాగా అనిపించిందన్నావే, అది చదివి రెండు రోజులు నీమీద పళ్ళు నూరాను. మూడో రోజు మాత్రం హాయిగా అనిపించింది. మన ఇంట్లో కుళ్ళు నాకొక్కదానికే ఉందనుకున్నాను ఇన్నాళ్ళూ.

కంచె అవతలి నుంచి,
సోల్వే


గోథెన్‌బర్గ్
1988 జూన్ 6

అక్కా,

గున్-మరీ భుజం జారింది. ట్రామ్ దిగుతూ పడిందట, మైదానంలో కాదు. శనివారం నేనే ఆడాలి. మొదటి మ్యాచ్, సొంత మైదానంలో, మూడింటికి.

గున్-మరీ చేతికి కట్టుతో వచ్చి రెండో మాట అంది. "నిద్రపో" అంది. నిద్ర రావడం లేదు. నిన్న గీత మీద నిలబడితే గోలు మన గ్యారేజీ కంటే పదింతలు కనిపించింది.

మన ఊరి పద్ధతి నాకు తెలుసు. అయినా అడుగుతున్నాను. రా అక్కా. కుళ్ళుకుంటూ రా, నన్ను తిట్టుకుంటూ రా, పలకరించకపోయినా పరవాలేదు. వచ్చి నా వెనక నిలబడు.

తూరా


ఆల్‌సెలె
1988 జూన్ 20, సోమవారం

తూరా,

మొన్న ఫోనులో అమ్మతో "అక్క రాలేదు" అన్నావట. వచ్చాను.

మిల్లులో ఒంట్లో బాగాలేదని చెప్పి రైలెక్కాను. ఇంట్లో నాన్నకొక్కడికే తెలుసు. స్టేషన్‌కి దింపి, "ఎవరడిగినా నువ్వు చేపలకి వెళ్ళావు" అన్నాడు. నీ గోలు వెనకాల, బయటికి పోయిన బంతులు ఏరేవాళ్ళ పక్కన నిలబడ్డాను. రెండో సగంలో నువ్వు నా ముందుకొచ్చావు. నువ్వు వెనక్కి తిరిగి చూడలేదు. గోల్‌కీపరు చూడకూడదు కూడా.

అంత దూరం నీ ఆట చూడ్డానికి వచ్చానని నేననుకున్నాను. కాదు. నువ్వు పాడు చేస్తే చూద్దామని వచ్చాను. మొదటి సగంలో నువ్వు తిన్న గోలుకి నా పక్కనున్న ముసలామె "పాపం పిల్ల" అంది. నేను అనలేదు.

తర్వాత ఆ కార్నర్ వచ్చింది. ఆట అయిపోవస్తోంది, మీరు రెండు ఒకటితో ముందున్నారు. కుడి వైపు నుంచి బంతి పైకి లేచింది. గోలు వెనక నిలబడ్డ గోల్‌కీపరు ఊరికే నిలబడదు తూరా, ఒళ్ళు దానంతటదే ఆడుతుంది. బంతి లేవగానే నా కాలు వెనక్కి పడింది, నేనే గోల్లో ఉండి గీత మీదికి తగ్గినట్టు. నువ్వు ముందుకు వెళ్ళావు. అంత మందిలోకి ఎలా వెళ్ళావో, ఆరుగురి తలల మీంచి రెండు చేతులూ చాచి బంతిని పట్టుకుని గుండెకి హత్తుకుని పడ్డావు. నేనైతే తగ్గి నిలబడి ఉండే ఆ గీత పక్కనే, వాళ్ళ ఫార్వర్డు బంతి అందక నిలబడి ఉంది.

నేనైతే ఆ గోలు తినేదాన్ని. ఎవరూ చెప్పక్కర్లేదు, నా కాలే చెప్పింది. నువ్వు నాకంటే బాగా ఆడతావు. ఇది రాయడానికి చెయ్యి రాలేదు, రెండోసారి రాయించకు.

నాకు సంతోషం కలగలేదు. చెల్లెలు కదా, కలగాలి. జనం మైదానంలోకి పరిగెత్తారు, నిన్ను ఎత్తుకున్నారు. నేను సాసేజీలమ్మే బండి వెనక్కి వెళ్ళి ఒకటి కొనుక్కుని తినలేక చేత్తో పట్టుకుని నిలబడ్డాను. నీ దగ్గరికి రావడానికి నాకు ముఖం లేదు, ఆ ముఖంతో వస్తే నువ్వు చూసేసేదానివి. తిరిగొచ్చేటప్పుడు రైల్లో సుంద్స్‌వాల్ స్టేషన్ దాకా ఏడ్చాను. ఎదురు సీట్లో పాస్టరు గారు ఎవరు పోయారని అడిగారు. చెల్లెలు గెలిచిందన్నాను. ఆయన పుస్తకం తెరుచుకున్నారు.

ఇంటికొచ్చిన మర్నాడు మిల్లు గేటు దగ్గర రూబెన్ కోసం నిలబడ్డాను. షిఫ్టు వదిలారు, జనమంతా ఉన్నారు.

"గోలు నాకు కావాలి," అన్నాను. "అడుగుతున్నాను."

రూబెన్ అటూ ఇటూ చూశాడు, నాకంటే అతనికే ఎక్కువ సిగ్గేసినట్టుంది. "మరి తొందరగా ఏడవ్వేం?" అన్నాడు. "బార్బ్రో నాకు స్టాంపులు అమ్మనంటోంది."

నిన్న ఆడాను. రెండు ఒకటితో ఓడిపోయాం. ఒక కార్నర్‌కి ముందుకు వెళ్ళాను, అందలేదు, గోలు పడింది. డిఫెండర్లు నన్ను తిట్టారు, నేను వాళ్ళని తిట్టాను. ఈ ఏడాదిలో అంత హాయిగా ఎప్పుడూ లేదు.

కుళ్ళు పోలేదు. పోతుందని నీకు మాటివ్వను. నువ్వు పేపర్లో కనిపిస్తే నాకు మండుతుంది, నువ్వు ఓడిపోతే రెండో కప్పు కాఫీ పోసుకుంటాను. అది నాతోనే ఉంటుంది, ఎలాగో సర్దుకుంటాను.

గున్-మరీ భుజం బాగయ్యాక నిన్ను మళ్ళీ బెంచీ మీద కూర్చోబెడతారు. అప్పుడు ఓవే మళ్ళీ అడుగుతాడు, ఎక్కడికి పోతావని. నీకు ఆల్‌సెలె అనాలనిపిస్తుంది. అనేముందు నన్నడుగు. నేను వద్దంటాను, చాలా గట్టిగా వద్దంటాను. అయినా సరే, అందరికంటే ముందు నన్నే అడుగు.

నీ అక్క,
సోల్వే